మా లాంతరు రెండు పార్టీల తరఫునా ధర్నాకెళ్ళింది

మా నాయనమ్మ కాలం నాటి హరికేన్ లాంతరు ఒకటి మా అటక మీద ఉంది. చిమ్నీ ఓ పక్క పగిలితే నాన్న ఎప్పుడో అట్టముక్క అంటించాడు, దానితోనే నెట్టుకొస్తోంది. 77 ఉప్పెన తర్వాత చాన్నాళ్ళు ఈ లాంతరు వెలుగులోనే వంటలు చేశామని నాయనమ్మ చెప్పేది. ఇన్వర్టర్ వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు.

2022 మే నెలలో మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, అమ్మ లాంతరు ఇంకా ఉందా? రేపు మా వాళ్ళ 'బాదుడే బాదుడు' కార్యక్రమం. అందరూ విసనకర్రలు తెస్తున్నారు, నేను లాంతరు పట్టుకుంటే బావుంటుంది" అన్నాడు. బాబాయ్ ఎన్టీఆర్ పార్టీ పెట్టిన రోజు నుంచీ అందులోనే ఉన్నాడు. దించి, తుడిచి ఇచ్చాను. తీరా చూస్తే వెలిగించడానికి కిరసనాయిలు లేదు. రేషన్‌లో రావడం ఎప్పుడో మానేసింది, బయట ఎక్కడ అడగాలో కూడా తెలీదు. చివరికి లోపల ఛార్జింగ్ బల్బు ఒకటి పెట్టుకుని వెళ్ళాడు. కరెంటు ఛార్జీల మీద ధర్నాకి, కరెంటుతో ఛార్జ్ చేసిన లాంతరు! తిరిగొచ్చినప్పుడు దాని ట్యాంకు మీద పసుపు రంగు స్టిక్కరుంది.

రెండున్నరేళ్ళు గడిచాయి. 2024 డిసెంబరు 27న వైసీపీ వాళ్ళు రాష్ట్రమంతా కరెంటు ఛార్జీల మీద పోరుబాట పట్టారు. ముందురోజు సాయంత్రం మా మరిది వచ్చాడు. "వదినా, మీ ఇంట్లో లాంతరుందట కదా."

"ఎవరు చెప్పారు?"

"మీ బాబాయిగారి ఫోటో ఫేస్‌బుక్‌లో ఇంకా ఉంది కదా వదినా!"

అరుగు మీద కూర్చుని స్టిక్కరుని గోరుతో గీకడం మొదలుపెట్టాడు. పార్టీ గుర్తు ఊడింది, "బాదుడే" ఊడింది. ఆ పక్కనున్న "బాదుడు" మాత్రం ఎంత గీకినా రాలేదు. కాసేపు దానివంక చూసి, "ఇది ఉంటే నష్టమేముందిలెండి, మాకూ పనికొస్తుంది" అని అలాగే పట్టుకెళ్ళాడు.

ఈ కథ చెప్తే ఇద్దరి మీదా జోకు వేసినట్టుంటుంది గానీ, నా బాధ వేరే ఉంది. నేను ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. బిల్లు చేతికొస్తే చివరి అంకె చూసి ఊరుకోలేను, పైనుంచి కూడుకుంటూ రావాల్సిందే. అలా కూడుకుంటూ వచ్చిన ఒక బిల్లు గురించి చెప్తాను.

మా మేడ మీద వాటా అద్దెకిస్తాం. మీటరు మా నాన్న పేరు మీదే ఉంది, బిల్లు మాత్రం ఉన్నవాళ్ళు కట్టుకుంటారు. 2022 చివర్లో ఓ నర్సమ్మాయి, భర్తా వచ్చి చేరారు. 2023 జూన్‌లో ఆ అమ్మాయి బిల్లు పట్టుకుని కిందకొచ్చింది. 212 యూనిట్లు. స్లాబుల ప్రకారం వేసి చూపించాను: మొదటి 30కి రూపాయి 90 పైసల చొప్పున 57, తర్వాతి 45కి మూడు రూపాయల చొప్పున 135, ఆ పైన 50కి నాలుగున్నర చొప్పున 225, మిగిలిన 87కి ఆరు రూపాయల చొప్పున 522. మొత్తం 939. (స్లాబు దాటితే అన్ని యూనిట్లకీ పై రేటే పడుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. 2022లో వాడకాన్ని బట్టి ఇళ్ళని విడదీసే ఆ ఏ, బీ, సీ గ్రూపులు తీసేశాక అలా పడదు. దాటిన యూనిట్లకే పై రేటు.)

"మరి ఇవేంటి ఆంటీ?" అని కింది వరసలు చూపించింది. మూడు వరసలున్నాయి. ఒకటి ట్రూఅప్, యూనిట్‌కి 22 పైసలు. ఒకటి ఎఫ్‌పీపీసీఏ, అంటే ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చులో తేడాకి సర్దుబాటు, 40 పైసలు, అదీ రెండు నెలల కిందట వాడిన యూనిట్లకి. ఇంకొకటి కూడా ఎఫ్‌పీపీసీఏనే, ఇది 2021లో వాడిన యూనిట్లకి. మూడూ కలిపి నూట యాభై ఆరు. ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కి ఆరు పైసల సుంకం వీటికి అదనం.

"2021లో మేం విశాఖపట్నంలో ఉన్నాం ఆంటీ. అప్పుడిక్కడ ఉన్నవాళ్ళ ఫ్యాన్‌కి మేమెందుకు కట్టాలి?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. అసలు అప్పట్లో ఎన్ని యూనిట్లు కాలాయో చూద్దామని నాన్న బిల్లులు గుచ్చిన తీగ దించాను. నాన్న పోయాక ఆ అలవాటు నేనే కొనసాగిస్తున్నాను. 2021 బిల్లులున్నాయి గానీ వాటి మీద ఒక్క అక్షరం లేదు. ఆ మెషీన్‌లోంచి వచ్చే కాగితం ఏడాదిలో వెలిసిపోతుంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే పైనున్న ముద్ర ఒక్కటీ లీలగా కనపడింది. అదే తీగకి అడుగున నాన్న గుచ్చిన పాత బిల్లులు, కార్బన్ పెట్టి చేత్తో రాసినవి, ఇవాళ్టికీ శుభ్రంగా చదువుకోవచ్చు.

అంతకుముందు ఉన్న కుటుంబానికి ఫోన్ చేశాను. "భలేవారే మేడమ్, ఖాళీ చేసేటప్పుడు పైసాతో సహా కట్టి రసీదు చూపించాం కదా" అన్నారు. నిజమే, చూపించారు. ఆ 2021 వరస డబ్బులు ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు నేనే కట్టేట్టు నర్సమ్మాయితో ఒప్పందం చేసుకున్నాను. మా ఆయన దీన్ని ఇప్పటికీ దెప్పుతారు.

ఆ రాత్రి కూర్చుని మూడు వరసలకీ పుట్టిన తేదీలు రాసుకున్నాను. నా గొడవంతా అక్కడ మొదలైంది.

22 పైసల ట్రూఅప్ 2014-19 నాటిది. అంటే రాష్ట్రం విడిపోయాక చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగా ఉన్న ఐదేళ్ళలో డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు, అనుమతించిన ఖర్చుకీ, నిజంగా అయిన ఖర్చుకీ మధ్య తేడా. అది జనం మీద పడేసరికి కుర్చీలో జగన్ గారు ఉన్నారు. 2021 సెప్టెంబరు బిల్లుల్లో మొదట వేశారు, గోలయ్యాక వెనక్కి తీసుకున్నారు, మళ్ళీ విచారణ జరిపి 2022 ఆగస్టు నుంచి వేశారు. 2022 మార్చి 30న స్లాబుల రేట్లు పెంచింది మాత్రం అచ్చంగా జగన్ గారి హయాంలోనే. మొదటి 30 యూనిట్ల రేటు రూపాయి 45 పైసల నుంచి రూపాయి 90కి ఎక్కింది. పూరిగుడిసెలో వెలిగేది ఆ 30 యూనిట్లే. మా బాబాయ్ లాంతరు పట్టుకున్నది ఈ పెంపు మీద. ఇందులో అతనికి పూర్తి న్యాయముంది. కానీ అదే ధర్నాలో ట్రూఅప్‌ని కూడా కలిపి తిట్టారు. అందులో సగం తిట్లు సొంతింటి మిద్దె మీదికే వెళ్ళాయి.

ఇక 2024 డిసెంబరు. 2022-23 ఏడాదికి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు. ఆ రెండేళ్ళూ ఇంధనానికీ, కరెంటు కొనుగోలుకీ అదనంగా అయిన ఖర్చు కింద వసూలు చేసుకోమని, కరెంటు రేట్లు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది. ఒకటి 15 నెలల పాటు, ఇంకోటి 24 నెలల పాటు. ఆ రెండేళ్ళూ ఎవరి ప్రభుత్వం? జగన్ గారిది. బిల్లు వచ్చేసరికి కుర్చీలో ఎవరున్నారు? చంద్రబాబు గారు. లాంతరు ఎవరి చేతిలో ఉంది? మా మరిది చేతిలో.

మరిదితో ఇదే అన్నాను. "వదినా, అధికారంలోకొస్తే ఛార్జీలు పెంచం అన్నారా లేదా? ఆ భారం ప్రభుత్వమే భరించొచ్చుగా!" అన్నాడు. అదీ న్యాయమే. ఎలక్ట్రిసిటీ చట్టం, 2003లో 65వ సెక్షన్ ఉంది. ఫలానా వర్గానికి తక్కువ రేటుకి ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే ఆ తేడా డబ్బు డిస్కంకి ముందుగా కట్టాలి. ముందుగా, అనే మాట చట్టంలోనే ఉంది. ఇచ్చిన మాటకి, కట్టిన డబ్బుకి మధ్య ఎంత దూరముంటుందో కిరాణా కొట్లో ఖాతా పెట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. డిస్కం ఈలోగా అప్పు తెస్తుంది, దాని మీద వడ్డీ పెరుగుతుంది.

అన్నీ పార్టీల తప్పులే అని తేల్చేస్తే అదీ అబద్ధమే అవుతుంది. డిస్కం ఖర్చులో సుమారు మూడొంతులు కరెంటు కొనడానికే పోతుంది. 2022 వేసవి గుర్తుందా? ఎండలు ముదిరాయి, బొగ్గు దొరకలేదు, పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు. కరెంటు కొనే, అమ్మే ఎక్స్‌ఛేంజిలో యూనిట్ ధర ఇరవై రూపాయల దాకా ఎగబాకితే కేంద్ర నియంత్రణ మండలి పన్నెండు రూపాయలు దాటొద్దని గీత గీసింది. పన్నెండుకి కొన్న కరెంటుని ఆరుకి మాకిస్తే మిగతా ఆరూ ఎక్కడో ఒకచోట తేలాలి కదా. విదేశీ బొగ్గు కలపమని కేంద్రం ఒత్తిడి చేసింది కూడా ఆ ఏడాదే. పైగా 2022 డిసెంబరులో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. కొనుగోలు ఖర్చులో తేడాని ఏ నెలకానెల వినియోగదారుడి మీద వేసెయ్యొచ్చు. ఆ 40 పైసలు అలా పుట్టినవే. ఈ కేంద్రం సంగతి మాత్రం మా బాబాయ్ ఎత్తడు, మా మరిదీ ఎత్తడు. ఎందుకో మీకూ తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే నాకు 2000 సంవత్సరం గుర్తొస్తుంది. అప్పుడు నేను హైదరాబాద్‌లో బీఈడీ చదువుతున్నాను. ముందటేడు విద్యుత్ బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ఆ ఏడు నాలుగు డిస్కంలు వచ్చాయి, కొత్త నియంత్రణ మండలి రేట్లు పెంచింది. ఆ వేసవంతా వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి ఉద్యమం నడిపాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీ. నేనెక్కిన బస్సుని అబిడ్స్‌లోనే ఆపేసి దిగిపొమ్మన్నారు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలీదు, జనం పరుగెడుతున్నారు, ఓ చెప్పుల షాపు వాళ్ళు షట్టరు సగం దించి మమ్మల్ని లోపలికి లాగారు. సాయంత్రానికి తెలిసింది, బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారని. ఆ కాల్పులకి బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ అనే ముగ్గురు బలయ్యారు. హాస్టల్లో ఆ రాత్రి ఎవరమూ అన్నం తినలేదు.

2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ప్రమాణం చేసి మొదటి సంతకం ఉచిత వ్యవసాయ విద్యుత్ ఫైలు మీద పెట్టడానికి దారి ఆ రోజు నుంచే పడిందని నా నమ్మకం. ఇంకోటి కూడా ఆ రోజే మొదలైందనుకుంటాను. కరెంటు రేటు ఒక్కసారిగా, బహిరంగంగా పెంచితే ఏమవుతుందో అన్ని పార్టీలూ చూశాయి. అప్పట్నుంచీ పెంపు మొహానికి రకరకాల ముసుగులు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో దాని పేరు ఎఫ్‌ఎస్‌ఏ, మేం సర్‌ఛార్జీ అనేవాళ్ళం. తర్వాత ట్రూఅప్ అయింది. ఇప్పుడు ఎఫ్‌పీపీసీఏ. పెంచింది ఒకరు, మోసేది ఇంకొకరు, తిట్లు తినేది మూడోవాళ్ళు. ఎన్నికల ఏడాదిలో "ఒక్క పైసా పెంచలేదు" అనే మాట వింటే నాకు స్కూల్లో ఫీజు పెంచకుండా 'యాక్టివిటీ ఛార్జీ' వేసే మా కరస్పాండెంట్ గుర్తొస్తాడు. (ఆయన ఇది చదవడనే ధైర్యంతో రాస్తున్నాను.)

ఇంత గొడవలో మనం నిజంగా నోరు విప్పగలిగే చోటు ఒకటుంది. అక్కడ జనం ఉండరు. ఏటా నవంబరు నెలాఖరులోగా డిస్కంలు వచ్చే ఏడాది ఖర్చు ఎంతో, ఆదాయం ఎంతో నియంత్రణ మండలికి లెక్క ఇవ్వాలి. పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు రాసి పంపొచ్చు, ఆ తర్వాత బహిరంగ విచారణలో ఎవరైనా మాట్లాడొచ్చు. లాయరు అక్కర్లేదు. ఒక ఏడు నేనూ పేరిచ్చి ఆన్‌లైన్‌లో కూర్చున్నాను. రైతు సంఘాల పెద్దలు, ఎర్రజెండా వాళ్ళు కొందరు, పరిశ్రమల తరఫున దొంతర్ల కొద్దీ కాగితాలతో వచ్చిన నిపుణులు కనపడ్డారు. ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటారు, ఫలానా పేజీలో ఫలానా ప్లాంటుకి స్థిర ఛార్జీలు రెండుసార్లు ఎలా లెక్కేశారని అడుగుతుంటే నేను నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. ఆయన ముందు నేను ఆరో తరగతి. నా వంతు వచ్చినప్పుడు అద్దెవాళ్ళ సంగతి అడిగాను, మూడు నిమిషాల్లో. గొంతు వణికింది. సమాధానం నాకు నచ్చలేదు, కానీ ప్రశ్న రికార్డుల్లో ఉంది.

ఆ విచారణలతో ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ళకి ఒక లెక్క. 2021లో హడావిడిగా ఒప్పుకున్న ట్రూఅప్ 3,669 కోట్లు. వెనక్కి తీసుకుని, అభ్యంతరాలు విని మళ్ళీ తేల్చింది 2,910 కోట్లు. తేడా 759 కోట్లు. ఏ లాంతరుకీ అంత వెలుగు లేదు.

ఆ ఏడు మా బాబాయ్‌నీ, మరిదినీ ఇద్దర్నీ రమ్మన్నాను. "కెమెరాలుంటాయా?" అన్నాడు బాబాయ్. "జూమ్‌లోనా వదినా, ఆ రోజు నాకు పెళ్ళుంది" అన్నాడు మరిది. పెళ్ళి ఎవరిదో చెప్పలేదు.

మొన్న 2025 నవంబరులో ఒక వింత జరిగింది. బిల్లు తగ్గింది. 2024-25లో నెలనెలా వసూలు చేసిన ఆ 40 పైసలు నిజంగా అయిన ఖర్చు కన్నా ఎక్కువని తేలి, యూనిట్‌కి 13 పైసల చొప్పున తిరిగివ్వమన్నారు. ట్రూడౌన్ అట. "చూశావా, మావాళ్ళు తగ్గించారు" అని బాబాయ్ వాట్సాప్ పెట్టాడు. "ఎక్కువ లాక్కున్నది తిరిగిస్తే అది తగ్గింపా?" అని మరిది కింద రాశాడు. ఫ్యామిలీ గ్రూపులో ఆ రాత్రి పదకొండు దాకా నడిచింది. మా అత్తగారు నమస్కారం బొమ్మ పెట్టి ఆపారు.

నాకు వచ్చిన చిక్కు వేరు. మేడ మీద నర్సమ్మాయి వాళ్ళు 2025 జూన్‌లోనే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ 40 పైసలు ఏడాది పొడుగునా కట్టింది వాళ్ళు, 13 పైసలు తిరిగొస్తోంది కొత్తగా దిగిన బ్యాంకు కుర్రాడికి. 2023లో నేను పెట్టిన రూలు ప్రకారం ఎవరి యూనిట్ల లెక్క వాళ్ళదే. ఏడాది మీద ఎంతవుతుందో వేసి చూశాను, మూడొందల లోపు. ఫోన్ చేసి, నంబరు ఇదేనా, పంపిస్తాను అన్నాను.

పెద్దగా నవ్వింది. "వద్దులెండి ఆంటీ. మేమిప్పుడున్న ఇంట్లో మాకన్నా ముందున్నవాళ్ళ బాకీ మేం కడుతున్నాం. చెల్లుకి చెల్లు" అంది. తర్వాత కొంచెం ఆగి, "అది సరేగానీ, ఆ లాంతరు ఇప్పుడెవరి దగ్గరుంది?" అని అడిగింది.